గట్టు తాడేపల్లిగూడెంది, పిట్ట కొల్లేరుది

ఈమధ్య క్యాలెండర్లలో తారీఖు గడులు మరీ చిన్నవైపోయాయి. పూర్వం ఒక్కో గడిలో గ్యాస్ సిలిండర్ వచ్చిందనీ, పాలవాడు రాలేదనీ, మా అత్తగారు వచ్చారనీ మూడు సంగతులూ రాసుకోవడానికి జాగా ఉండేది. ఇప్పుడు గడి నిండా రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం అచ్చువేసి, జీవితంలో జరిగే మంచి సంగతులకు చోటు లేకుండా చేస్తున్నారు. పోనీ పైన బొమ్మయినా బాగుందా అంటే, అక్కడ నగల దుకాణం యజమాని ఫొటో. ఏడాది పొడుగునా ఆయన మొహం చూసి లేవాలి.

క్యాలెండర్ల మీద నాకింత పట్టింపు ఉండడానికి కారణం ఉంది. పాతికేళ్లకు పైగా పక్షుల బొమ్మలు వేసి బతుకుతున్నవాణ్ణి. నా బొమ్మల్ని జనం చూసింది ఎగ్జిబిషన్లలో కాదు, క్యాలెండర్ల మీదే. అలాంటి ఒక క్యాలెండర్ బొమ్మ, వేసిన ఇరవై ఏళ్లకు, నన్ను పిలిపించి సాక్ష్యం చెప్పమంది. కరోనా భయం తగ్గి, మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగిన ఏడాది అది. కొల్లేరు లంకల్లో ఒకావిడ చేపల చెరువు ఉంటుందా పోతుందా అన్నది ఆ బొమ్మ దగ్గరికి వచ్చి ఆగింది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లకు నా మీద ఇప్పటికే ఉన్న అభిప్రాయం చాలు.

ముందు పని గురించి రెండు మాటలు. మాది ఏలూరు. బీఎస్సీ జువాలజీ చదివాను. కాలేజీలో పక్షులు సీసాల్లో ఉండేవి, బయట చెట్ల మీద ఉండేవి. నాకు చెట్ల మీదవి నచ్చాయి. పక్షుల బొమ్మలు వేస్తానని చెబితే అవతలివాళ్లు కాసేపు ఆగి, "అది కాకుండా ఏం చేస్తారండీ?" అని మర్యాదగా అడుగుతారు. స్కూలు గోడల మీద నెమళ్లు వేస్తాను, బిర్యానీ హోటళ్లకు కోళ్లు వేస్తాను. అన్నీ పక్షులే కదా అని సరిపెట్టుకుంటాను.

అసలు పని ఫీల్డ్ గైడ్లది. పక్షిని చూసి ఫలానా అని గుర్తుపట్టడానికి జేబులో పెట్టుకు తిరిగే పుస్తకాన్ని అలా అంటారు. అందులో బొమ్మలుండే పేజీని ప్లేట్ అంటారు. ప్లేట్‌లో వెనక చెట్టూ చేమా ఉండవు. తెల్ల కాగితం మీద పక్షి, పాస్‌పోర్టు ఫొటోకి నిలబడ్డట్టు పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది. రెక్క అంచున ఉండే పెద్ద ఈకల్ని ప్రైమరీలంటారు. అవి ఎన్ని కనబడాలో అన్నే కనబడాలి. ఒకటి తగ్గితే, ఎక్కడో ఉన్న పెద్దమనిషి ఫోన్ చేసి మరీ బాధపడతాడు. ఈకలు సరే, అంతకంటే కష్టమైనది జిజ్. నడక, మెడ వంపు, కూర్చునే తీరు అన్నీ కలిసి ఒక్క చూపులో అందే పోలికను మావాళ్లు జిజ్ అంటారు. వీధి చివర నుంచి వస్తున్న బావగారిని మొహం కనబడకముందే గుర్తుపట్టి మనం ఇంట్లోకి వెళ్లిపోతాం చూడండి, అదే జిజ్. ఇలాంటి పనికి ఏళ్ల తరబడి అలవాటుపడ్డ మనిషికి పిట్ట విషయంలో అబద్ధం చేతికి రాదు. మిగతా విషయాల్లో అందరిలాగే.

ఇక క్యాలెండర్. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వర్తకులు ఒకాయన ఉండేవారు, వీర్రాజు గారని. దేవుళ్ల బొమ్మలు అందరూ వేస్తున్నారని, ఆ ఏడు పన్నెండు నెలలకూ పన్నెండు కొల్లేరు పక్షులు కావాలన్నారు. ఉల్లిపాయలకూ పక్షులకూ సంబంధమేమిటని నేను అడగలేదు. పని ఇచ్చేవాణ్ణి ప్రశ్నలు అడగకూడదని అప్పటికే తెలుసు.

ఆగస్టు నెల బొమ్మ కోసం లంకలకు వెళ్లాను. నన్ను తాటిదోనెలో ఎక్కించుకుని తిప్పిన మనిషి దానియేలు గారు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. గెడ వేస్తూ పాటలు పాడతారు, పక్షి కనబడగానే పాట ఆపేస్తారు. అందుకే ఆయన దోనె ఎక్కేవాణ్ణి. వాళ్ల ఊరు దాటాక ఆకులతో కప్పేసిన మడుగులో జకానా కనబడింది. తామరాకుల మీద నడిచే పిట్ట. కాళ్ల వేళ్లు చీపురు పుల్లల్లా పొడుగ్గా ఉంటాయి, ఆకు మునగకుండా అడుగు వేయడానికి. వానాకాలంలో మెడ వెనక బంగారు రంగు వస్తుంది, పొడుగాటి తోక వస్తుంది. ఆ రెండూ ఉన్న మగపిట్ట ఒకటి ఆకు మీద నాలుగు గుడ్లు పెట్టుకుని కూర్చుంది.

"ఇది మగదాండీ? గుడ్ల మీద కూర్చుందేంటండీ మరి?" అన్నారు దానియేలు గారు.

"వీటిలో పొదిగేదీ పెంచేదీ మగదేనండి. ఆడది గుడ్లు పెట్టేసి ఇంకోదాని దగ్గరికి వెళ్లిపోతుంది."

ఆయన గెడ ఆపి, "మా ఆవిడ దగ్గర ఈ సంగతి అనకండేం, పిట్టల మాస్టారూ" అన్నారు.

ఆ పూటంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. దోనె కదిలి అల లేచినప్పుడల్లా అది గుడ్డును గడ్డం కింద ఇరికించుకుని ఆకు మధ్యకు లాక్కునేది. ఆ వంగిన మెడ పట్టుకోవడానికే నా కాగితాలన్నీ అయిపోయాయి. ఇంటికొచ్చి నీళ్లు, ఆకులు, పిట్ట, నాలుగు గుడ్లు వేసి వీర్రాజు గారికి తీసుకెళ్లి చూపించాను.

ఆయన బొమ్మను దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"పిట్ట బాగుందండీ. కానీ పైనంతా ఖాళీగా ఉందేంటండీ?"

"నీళ్లండీ. కొల్లేరు కదా."

"నీళ్లే అనుకోండి. ఖాళీగా వదిలేస్తే రంగు మిగుల్చుకున్నాం అనుకుంటాడండీ కస్టమరు. ఏదో ఒకటి పెట్టండి."

ఆయన గోడౌను వెనక కాలవ గట్టుంది. గట్టు మీద మూడు తాడిచెట్లున్నాయి. అక్కడే బస్తా మీద కూర్చుని బొమ్మ పైభాగంలో ఆ గట్టూ ఆ తాళ్లూ దించేశాను. మా పనిలో ఇది అందరూ చేసేదే. పక్షి ఎక్కడిదో అక్కడిదే అయివుండాలి. వెనకాలది ఎక్కడ దొరికితే అక్కడిది. వీర్రాజు గారు సంతోషించి పారితోషికంలో కొంత ఉల్లిపాయల రూపంలో ఇచ్చారు. బొమ్మ కింద, పిట్టను ఏ ఊరి దగ్గర చూశానో ఆ ఊరి పేరు అచ్చయింది. దానియేలు గారికి ఒక క్యాలెండర్ పంపాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత ఒక ఉదయం ఆయన భార్య సువార్తమ్మ గారు ఏలూరులో మా గుమ్మంలో నిలబడ్డారు. దానియేలు గారు పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆ మధ్యలో ఆ కుటుంబం కూడా అందరిలాగే ఉన్న చోట చేపల చెరువు తవ్వుకుంది. ఇప్పుడు ఆవిడకున్న ఆధారం అదొక్కటే. ఆవిడ చేతిలో తువ్వాలులో చుట్టిన ఫ్రేము ఉంది. తువ్వాలు విప్పితే నా ఆగస్టు నెల. తారీఖుల దగ్గర కత్తిరించకుండా, సంవత్సరంతో సహా అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నారు. మొన్న వచ్చిన క్యాలెండర్‌ని నిన్న బజ్జీల కింద పెట్టుకునే ఈ రోజుల్లో నాకు కాస్త గర్వమనిపించిన మాట నిజం. ఆవిడ వచ్చింది అందుకు కాదు.

కొల్లేరుకు ఇక్కడివరకూ అని ఒక హద్దుంది. ఐదో కాంటూరు అంటారు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన గీత. ఆ గీత లోపల చేపల చెరువులు ఉండకూడదు. గీత మ్యాపు మీద స్పష్టంగానే ఉంటుంది, నీళ్ల మీదే కనబడదు. ఆ ఏడు మళ్లీ సర్వే చేస్తూ, ఇది మొదట్నుంచీ సరస్సు కాదు, చెరువు తవ్వకముందు మాకు చేను ఉండేది అనేవాళ్లు ఏ ఆధారమున్నా తెచ్చి చూపించుకోవచ్చన్నారు. రాసుకుని పైకి పంపుతారు. సువార్తమ్మ గారి కాగితాలు ఏదో తుఫానులో తడిసి ముద్దయిపోయాయట. మిగిలింది నా బొమ్మ.

"సంవత్సరం ఉందండి. మా ఊరి పేరుందండి. ఇదుగో గట్టుందండి" అని వేలు పెట్టి చూపించారు. "అప్పటికి మేం చెరువు తవ్వలేదు కదండీ. చెరువు లేనప్పుడు గట్టుందంటే అది చేనుగట్టే కదండీ. ఊరికే నీళ్లలో గట్టెవరు వేసుకుంటారండీ? మీరొచ్చి ఈ బొమ్మ నేనే చూసి వేశానని ఒక్క మాట చెబితే చాలండి."

వాదనలో లోపం లేదు. లోపం గట్టులో ఉంది.

"సువార్తమ్మ గారూ, ఈ గట్టు తాడేపల్లిగూడెంలోదండి" అన్నాను.

ఆవిడ నవ్వారు. "భలేవారండీ. మా గట్టు మాకు తెలీదేంటండీ? మా ఆయన వచ్చినోళ్లందరికీ చూపించేవోరు, ఇదుగో మా గట్టు, ఇయ్యిగో మా తాళ్లు అని."

"మీ గట్టు మీద తాళ్లు ఎన్నండీ?"

"రెండండి."

"బొమ్మలో మూడున్నాయి కదండీ."

"మూడోది గాలివానకి పడిపోయిందండి. మొద్దు ఇంకా ఉంది. మీరు మర్చిపోయుంటారు. వచ్చి చూస్తే మీకే గుర్తొస్తుంది." అని తువ్వాలు మళ్లీ చుట్టారు. "నేను అబద్ధం చెప్పమనట్లేదండి. చూసింది చూసినట్టు చెప్పండి. ప్రార్థన చేసుకునే బయల్దేరానండి."

ఆవిడ వెళ్లాక మా ఆవిడ వంటింట్లోంచే అంది. "వెళ్లండి. కానీ అడిగినదానికే చెప్పండి. మీకు అడగనిది చెప్పే జబ్బుంది."

వెళ్లాను. ఊరు దాటగానే సువార్తమ్మ గారి చెరువు. ఒకప్పుడు ఆకులున్న చోట ఇప్పుడు బూడిదరంగు నీళ్లు, నీళ్ల మీద పక్షులు వాలకుండా కట్టిన నైలాను దారాలు. గట్టు పైకి ఎక్కి చూశాను. రెండు తాడిచెట్లు, పక్కన ఒక మొద్దు. మొదటి చెట్టు కొద్దిగా ఎడమకు వంగి ఉంది, నా బొమ్మలోలాగే. గూడెంలో కాలవ గట్టు మీద వంగిన చెట్టును నేను చూసి వేశానా, ఇక్కడి చెట్టు మనసులో ఉండిపోయి అక్కడ చేతిలోకి వచ్చిందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ ఒక్క క్షణం చాలా హాయిగా ఉంది. కానీ డెల్టాలో గట్లన్నీ ఒకలాగే ఉంటాయి, తాళ్లన్నీ గాలి ఎటు తోస్తే అటు వంగుతాయి. నేను బస్తా మీద కూర్చున్న సంగతి, ప్యాంటుకు ఉల్లిపొట్టు అంటుకున్న సంగతి నాకు బాగా గుర్తు.

మరి అప్పట్లో ఇక్కడ గట్టు ఉండేదా? తెలియదు. ఆ పూటంతా పిట్ట వైపే చూశాను. నా వెనక తాజ్‌మహల్ ఉన్నా నాకు తెలిసేది కాదు.

స్కూలు వరండాలో బల్లలు వేశారు. అధికారి ముప్పై అయిదేళ్ల లోపు ఆవిడ. ఓపికగా ఉన్నారు, గొంతు పెంచడం లేదు. ఊళ్లో చాలామంది చుట్టూ నిలబడ్డారు. నేనెవరో తెలిసినవాళ్లు, "పిట్టల పార్టీ వాడొచ్చాడ్రా" అని నాకు వినబడేలాగే అనుకున్నారు. నిజమే, మాదీ ఒక పార్టీయే. ఓట్లు లేవు, గుడ్లున్నాయి.

సువార్తమ్మ గారు ఫ్రేమును బల్ల మీద పెట్టి పక్కకు జరిగారు.

"ఈ బొమ్మ మీరు వేసిందేనాండీ?" అన్నారు అధికారి.

"అవునండి."

"ఇక్కడికొచ్చి చూసి వేశారా?"

"పిట్టను ఇక్కడే చూశానండి."

ఆవిడ కలం ఆగింది. మా ఆవిడ మాట అప్పుడు గుర్తొచ్చింది. కొంచెం ఆలస్యంగా.

"పిట్టను అంటే? గట్టును చూడలేదా?"

"గట్టు తాడేపల్లిగూడెంలోదండి. బొమ్మ పైన ఖాళీగా ఉందని ఆ తర్వాత వేశాను."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. సువార్తమ్మ గారు నవ్వలేదు. "ఆయనకి గుర్తు లేదండి. చాలా కాలమైంది కదండీ" అన్నారు అధికారితో, నన్ను వెనకేసుకొస్తున్నట్టు.

"అప్పట్లో ఇక్కడ గట్టు లేదంటారా?" అని నన్ను అడిగారు అధికారి.

"లేదనడం లేదండి. నేను చూడలేదంటున్నాను. దోనెలో పిట్ట వైపు తిరిగి కూర్చున్నాను."

ఆవిడ బొమ్మను తన వైపు తిప్పుకున్నారు. "మరైతే దీన్ని నేనెలా రాసుకోనండీ? క్యాలెండర్ కోసం ఊహించి వేసిన బొమ్మ అని పక్కన పెట్టేయనా?"

ఆ ప్రశ్నలో ఒక తలుపు తెరిచి ఉందని నాకు అప్పుడే అర్థమైంది. అవునండీ, క్యాలెండర్ బొమ్మే కదా, అంతా ఊహే అని నేను అంటే, ఫ్రేము మళ్లీ తువ్వాలులోకి వెళ్లిపోతుంది. దానివల్ల సువార్తమ్మ గారికి మేలు జరగదు, కీడూ జరగదు. దానియేలు గారి చేను చూసిన ఇద్దరు ముసలివాళ్లు ఆ పక్కనే మాట్లాడడానికి సిద్ధంగా కూర్చుని ఉన్నారు. వాళ్ల మాట మీద వ్యవహారం నడుస్తుంది. నేను తలూపితే చాలు, నోరు విప్పక్కర్లేదు.

బొమ్మ నా వైపు తలకిందులుగా ఉంది. తలకిందులుగా ఉన్నా మెడ వంపు సరిగ్గానే ఉంది. గుడ్డు గడ్డం కిందే ఉంది.

"గట్టు ఊహండీ. పిట్ట నిజం" అన్నాను.

"గుడ్లు?"

"గుడ్లూ నిజమేనండి. నాలుగు."

"ఈ పక్షి ఎక్కడ గుడ్లు పెడుతుందండీ?"

"నీళ్ల మీద తేలే ఆకుల మీదండి."

"పిల్లలయ్యేదాకా నీళ్లుండాలన్నమాట."

"ఉండాలండి."

అప్పుడు సువార్తమ్మ గారు ముందుకొచ్చారు. "వానాకాలం నీళ్లుండవేంటండీ! మేం వేసేది దాళ్వా వరి కదండీ. నీళ్లు తీశాక వేసేవాళ్లం, మళ్లీ నీళ్లు రాకముందు కోసేవాళ్లం. ఆగస్టులో వచ్చి చూస్తే ఎవరి చేనైనా చెరువులాగే ఉంటుందండీ ఇక్కడ."

"ఆవిడ చెప్పింది నిజం కావచ్చండి. నా బొమ్మ ఆ ఒక్క పూట సంగతే చెబుతుంది. వేసవిలో ఇక్కడేముందో దానికి తెలియదు. ఇది కూడా రాసుకోండి" అన్నాను.

"రాస్తానండీ. రెండూ రాస్తాను" అన్నారు అధికారి. రాశారు కూడా. నేను చూశాను. పిట్ట సంగతికి పట్టినన్ని వరసలు రెండోదానికి పట్టలేదు. రెండో దాంట్లో నేను చెప్పగలిగింది అంతే మరి.

బస్సుకు టైముందని వెళ్లిపోబోతే సువార్తమ్మ గారు ఊరుకోలేదు. "భోజనం చేసి వెళ్లండి. పొద్దున్నే పులుసు పెట్టేశాను" అన్నారు. సాక్ష్యానికి ముందే పెట్టిన పులుసు అది. వాళ్లింట్లో గోడ మీద ఫ్రేము తీసిన చోట నలుచదరంగా సున్నం తెల్లగా ఉంది. చుట్టూ మిగతా గోడ ఇరవై ఏళ్ల పొగకు పచ్చబడింది. ఆ తెల్ల చదరం ఎదురుగా కూర్చోబెట్టి ఆ చెరువు చేపే వడ్డించారు. ఇంకో ముక్క వేసుకోండి అని రెండుసార్లు అడిగారు. మజ్జిగ పోశారు. చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చారు. మర్యాదలో ఎక్కడా వెలితి లేదు. మా వైపు కోపం ఇలాగే ఉంటుంది. పులుసు చాలా బాగుంది. అది ఇంకా కష్టంగా ఉండింది.

కొన్ని నెలలకు, ఆవిడ చెరువుకు సరస్సు వైపు గట్టు కొట్టేశారని తెలిసింది. ఆ వరసలో ఆవిడొక్కరిదే కాదు, చాలామందివి కొట్టారు. నా బొమ్మ వల్లేనా అంటే తెలియదు. వాళ్ల దగ్గర మ్యాపులున్నాయి, పైనుంచి తీసిన ఫొటోలున్నాయి, నాకు అర్థంకాని కొలతలున్నాయి. వాటి మధ్య జకానా ఎంత బరువు తూగి ఉంటుందో చెప్పలేను. మామూలుగా అయితే మగది నూట యాభై గ్రాములు దాటదు. నీవల్లే అని నన్ను ఎవరూ అనలేదు. నీవల్ల కాదనీ అనలేదు.

ఆ మాటకొస్తే సరస్సు బతకాలని కోరుకునేవాణ్ణే నేను. ఆ మాట ఎక్కడైనా చెబుతాను, చెప్పాను కూడా. పక్షుల గురించి ఏలూరు కాలేజీల్లో పిల్లలకు స్లైడ్లు చూపించేటప్పుడు గట్లు కొట్టేయాలని చాలా ధైర్యంగా మాట్లాడతాను. ఆ స్లైడ్లలో గట్ల మీద మనుషులు కనబడరు. ఫొటో తీసేటప్పుడు వాళ్లు అడ్డొస్తే పక్కకు జరగమంటాం.

పనిలో నాకు వచ్చిన మార్పు చిన్నది. ఇప్పుడు బొమ్మ వేశాక కాగితం వెనక పెన్సిలుతో రాస్తాను: పిట్ట ఫలానా చోటిది, చెట్టు ఫలానా చోటిది, ఆకాశం మా డాబా మీంచి కనబడింది. కొనేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఒకాయన ఫ్రేము కట్టించేవాడితో, "ఆయనకి కొంచెం చాదస్తం" అన్నాడట. ఇంకో మార్పు: పిట్టను చూడ్డం అయ్యాక ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. వెనకేముందో కూడా చూస్తాను. సాధారణంగా ఎవరిదో ఇల్లుంటుంది, లేకపోతే ఎవరిదో చేను. ఖాళీగా ఉన్న చోటు ఈ ప్రాంతంలో నాకింతవరకు కనబడలేదు. వీర్రాజు గారు చెప్పింది ఒక రకంగా నిజమే. ఖాళీగా వదిలేస్తే తప్పు.

రెండు వానాకాలాలు పోయాక సువార్తమ్మ గారు ఫోన్ చేశారు. మళ్లీ ఆ గొంతు వింటాననుకోలేదు.

"బాగున్నారాండీ? మీ పిట్టలొచ్చాయండి. వచ్చి చూసుకోండి."

అంతే. పెట్టేశారు.

వెళ్లాను. ఆవిడ ఇప్పుడు వేరేవాళ్ల చెరువుల మీద చేప కొని, ఏలూరు తెచ్చి అమ్ముతున్నారు. ఆ రోజు మార్కెట్టుకు వెళ్లలేదు. గోడ మీద ఫ్రేము మళ్లీ దాని చోటికి వచ్చింది. తెల్ల చదరం కనబడడం లేదు. టీ ఇచ్చి, "పదండి" అని దానియేలు గారి పాత దోనె తోశారు. గెడ ఆవిడే వేశారు. ఆవిడ పాటలు పాడరు.

గట్టు తెగిన చోట దోనె లోపలికి వెళ్లింది. పక్షులు వాలకుండా కట్టిన దారాలు ఒకటి రెండు ఇంకా వేలాడుతున్నాయి. నీళ్ల రంగు మారింది. మధ్యలో ఆకులు కమ్ముకున్నాయి. ఆ ఆకుల మీద, పొడుగాటి తోక, మెడ వెనక బంగారు మచ్చ. మగది. గుడ్ల మీద కూర్చుంది. తాడిచెట్లు దాని వెనకే ఉన్నాయి, రెండూ, ఎడమకు వంగింది ఎడమకే వంగి. ఈసారి వెనకాలది వెతుక్కోవడానికి గూడెం వెళ్లక్కర్లేదు.

నేను అట్టకు కాగితం తగిలించి పెన్సిలు తీశాను. అల లేచింది. పిట్ట మెడ వంచి గుడ్డును గడ్డం కింద ఇరికించుకుంది. నేను గీస్తున్నాను. సువార్తమ్మ గారు గెడ నీళ్లలో గుచ్చి ఆనుకుని, నా కాగితం వైపు చూశారు, పిట్ట వైపు చూశారు. మళ్లీ కాగితం వైపు చూశారు.

"అచ్చం అలాగే ఉందండి" అన్నారు.

నేను మెడ పూర్తిచేసి వేళ్ల దగ్గరికి వచ్చాను. అప్పుడు అడిగారు, గొంతు ఏమాత్రం పెంచకుండా, టీలో పంచదార సరిపోయిందా అని అడిగినట్టు.

"గట్టు ఉత్తిదని ఒప్పేసుకున్నోరు, పిట్ట కూడా ఉత్తిదే అనుంటే ఏం పోయేదండీ మీ సొమ్ము?"